వైద్యాలయంలో ఉభయరక్షణ

పాఠ్యభాగ పరిచయం

వైద్యశాల రోగిని కాపాడే చోటు. అక్కడ పనిచేసేవారు సురక్షితంగా ఉంటేనే రోగి సురక్షితంగా ఉంటాడు. ఈ రెండు రక్షణలను వేరుచేసి చూడడం వలన గతంలో ఎన్నో ప్రాణాలు పోయాయి. ఈ రెండూ ఒకటేనని గ్రహించిన ప్రతిసారీ ఎన్నో ప్రాణాలు నిలిచాయి. ఈ విషయాన్ని చారిత్రక సంఘటనల ద్వారా, నేటి వైద్యశాలల్లో పాటించవలసిన పద్ధతుల ద్వారా తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

పల్లెలో గాని పట్నంలో గాని ఆసుపత్రి గడప తొక్కని కుటుంబం ఉండదు. పుట్టుకకూ అక్కడికే వెళతాం, ప్రాణం మీదికి వచ్చినప్పుడూ అక్కడికే పరుగెత్తుతాం. జబ్బు నయం చేసుకోవడానికి వెళ్ళిన చోట మరొక జబ్బు అంటుకుంటే ఆ రోగి గతి ఏమిటి? పదిమందికి ప్రాణం పోసే చేతులకే ప్రాణాపాయం కలిగితే ఆ పదిమందికి దిక్కెవరు? ఈ రెండు ప్రశ్నలూ వేర్వేరుగా కనిపిస్తాయి. నిజానికి ఇవి ఒకే ప్రశ్నకు రెండు ముఖాలు.

హైదరాబాదు నల్లకుంటలోని ఫీవర్ ఆసుపత్రిని నగరవాసులు తరతరాలుగా ‘కోరంటి దవాఖాన’ అని పిలుచుకుంటున్నారు. అంటువ్యాధి సోకినవారిని వేరుగా ఉంచడమనే అర్థంగల ‘క్వారంటైన్’ అనే ఆంగ్లపదమే ప్రజల నాలుకపై ‘కోరంటి’గా మారింది. రోగం ఒకరినుండి మరొకరికి పాకుతుందనీ, చికిత్స చేసేచోట దానికి అడ్డుకట్ట వేయాలనీ మన సమాజం ఎంతోకాలంగా ఎరిగినదేనని ఈ చిన్నపదం చెబుతుంది. అయితే ఆ అడ్డుకట్ట రోగికీ రోగికీ మధ్య మాత్రమే కాదు, రోగికీ సేవకుడికీ మధ్య కూడా ఉండాలి. ఈ సత్యాన్ని వైద్యలోకం చాలా కష్టపడి నేర్చుకుంది.

వియన్నా నేర్పిన పాఠం

1840వ దశకంలో ఆస్ట్రియా రాజధాని వియన్నాలోని పెద్దాసుపత్రిలో రెండు ప్రసూతి విభాగాలు ఉండేవి. మొదటి దానిలో వైద్యులు, వైద్యవిద్యార్థులు పురుళ్ళు పోసేవారు. రెండవ దానిలో మంత్రసానులు పోసేవారు. ప్రసవించిన కొద్ది రోజులకే తీవ్రమైన జ్వరంతో బాలింతలు మరణించడం అప్పట్లో సర్వసాధారణం. దానిని ప్రసూతిజ్వరం అనేవారు. ఆశ్చర్యకరమైన విషయమేమంటే, చదువుకున్న వైద్యులున్న మొదటి విభాగంలోనే మరణాలు ఎక్కువ. అక్కడ వందకు సుమారు పదిమంది తల్లులు చనిపోతుంటే, రెండవ విభాగంలో ఆ సంఖ్య సగటున నాలుగు లోపే ఉండేది. మొదటి విభాగంలో చేర్చుకోవద్దని గర్భిణులు కన్నీటితో వేడుకునేవారట.

ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్ అనే యువ వైద్యుడు ఈ తేడాకు కారణం వెదకసాగాడు. గాలి, ఆహారం, పడకల రద్దీ మొదలైనవాటిని ఒక్కొక్కటిగా పరిశీలించాడు. ఏదీ కారణంగా తోచలేదు. 1847 మార్చిలో అతని మిత్రుడు, శవపరీక్షల ఆచార్యుడు అయిన యాకోబ్ కొలెట్ష్కా మరణించాడు. శవపరీక్ష చేస్తుండగా ఒక విద్యార్థి చేతిలోని కత్తి పొరపాటున ఆచార్యుని వేలికి తగిలింది. ఆ చిన్న గాయమే ఆయన ప్రాణం తీసింది. మిత్రుని శవపరీక్ష నివేదిక చదివిన సెమ్మెల్‌వైస్ నిశ్చేష్టుడయ్యాడు. ప్రసూతిజ్వరంతో మరణించిన తల్లుల దేహాల్లో కనిపించే లక్షణాలే ఆ నివేదికలోనూ ఉన్నాయి.

చిక్కుముడి వీడింది. ఉదయం శవపరీక్షలు చేసిన చేతులతోనే వైద్యులు, విద్యార్థులు నేరుగా ప్రసూతి విభాగానికి వస్తున్నారు. కంటికి కనిపించని విషపదార్థమేదో ఆ చేతులనుండి తల్లుల శరీరాల్లోకి చేరుతోంది. అదే పదార్థం కత్తిమొన ద్వారా ఆచార్యుని శరీరంలోకి చేరింది. తల్లులను చంపినదీ, వైద్యుని చంపినదీ ఒకే శత్రువు. 1847 మే నెల మధ్యనుండి, ప్రసూతి విభాగంలో అడుగుపెట్టే ప్రతి ఒక్కరూ నేటి బ్లీచింగ్ పౌడరు వంటి క్లోరిన్ సున్నపు ద్రావణంతో చేతులు కడుక్కోవాలని అతడు నియమం పెట్టాడు. ఏప్రిల్‌లో వందకు సుమారు పద్దెనిమిదిగా ఉన్న మరణాలు కొద్ది నెలల్లోనే రెండు, అంతకన్నా తక్కువకు పడిపోయాయి.

సూక్ష్మజీవులే రోగకారణమని లూయీ పాశ్చర్ వంటివారు నిరూపించడానికి ముందు జరిగిన కథ ఇది. తమ చేతులే మృత్యువాహకాలు అనడం నాటి వైద్యులలో పెక్కుమందికి రుచించలేదు. సెమ్మెల్‌వైస్ నిరాదరణకు గురై, 1865లో ఒక మానసిక చికిత్సాలయంలో మరణించాడు. అతని మరణానికీ గాయం వలన సోకిన చీమే కారణమైంది. తరువాత రెండేళ్ళకు, 1867లో, జోసెఫ్ లిస్టర్ కార్బాలిక్ ఆమ్లంతో శస్త్రచికిత్స గాయాలను శుభ్రపరిచే విధానాన్ని ప్రకటించాడు. సెమ్మెల్‌వైస్ నమ్మిన సత్యానికి క్రమంగా లోకం తలవంచింది.

నర్సు కోసం పుట్టిన తొడుగు

వియన్నాలో వైద్యుని మరణం తల్లుల మరణరహస్యాన్ని విప్పింది. దానికి అద్దంలో ప్రతిబింబం వంటి సంఘటన నలభై ఏళ్ళ తరువాత అమెరికాలో జరిగింది. బాల్టిమోర్ నగరంలోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో విలియం హాల్‌స్టెడ్ ప్రసిద్ధ శస్త్రవైద్యుడు. అతని వద్ద కరొలిన్ హాంప్టన్ అనే నర్సు పనిచేసేది. శస్త్రచికిత్సకు ముందు చేతులను పాదరస లవణ ద్రావణంలో ముంచడం అప్పటి ఆచారం. ఆ ద్రావణం వలన ఆమె చేతులపై చర్మం పుండ్లు పడింది. ఉద్యోగం మానుకోవలసిన పరిస్థితి వచ్చింది. అప్పుడు హాల్‌స్టెడ్ ఆమె కోసం పలుచని రబ్బరు తొడుగులు తయారుచేయించాడు. ఇది 1889-90 ప్రాంతపు మాట.

ఆ తొడుగులు రోగికోసం పుట్టినవి కావు. సేవచేసే చేతులకు నొప్పి తగ్గించడానికి పుట్టినవి. వాటి సౌకర్యాన్ని చూసి మిగిలిన సహాయకులు, ఆ తరువాత వైద్యులు కూడా ధరించసాగారు. 1899లో అదే ఆసుపత్రికి చెందిన జోసెఫ్ బ్లడ్‌గుడ్ శస్త్రచికిత్సల లెక్కలు చూసినప్పుడు, తొడుగులు ధరించి చేసిన శస్త్రచికిత్సల్లో గాయాలు చీము పట్టడం బాగా తగ్గినట్లు తేలింది. ఒక నర్సు కష్టాన్ని గమనించి చేసిన చిన్న ఏర్పాటు లెక్కలేనంతమంది రోగులకు మహోపకారమైంది. సేవకుల బాధను పట్టించుకోవడం రోగులపట్ల నిర్లక్ష్యం కాదనీ, అది రోగిసేవలో భాగమేననీ ఈ సంఘటన నిరూపించింది.

చేతులు కడుక్కునే అయిదు వేళలు

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో ప్రకటించిన మార్గదర్శకాలలో, వైద్య సిబ్బంది చేతులు శుభ్రం చేసుకోవలసిన సందర్భాలను అయిదుగా చెప్పింది. రోగిని తాకేముందు, ఇంజెక్షను, కట్టుకట్టడం వంటి శుభ్రమైన పని మొదలుపెట్టేముందు, రక్తం, చీము మొదలైన శరీరద్రవాలు అంటే అవకాశమున్న పని ముగిసిన వెంటనే, రోగిని తాకిన తరువాత, రోగి పడక, బల్ల వంటి పరిసరాలను తాకిన తరువాత.

ఈ అయిదింటిని కొంచెం నిదానంగా చూస్తే ఒక విషయం బోధపడుతుంది. మొదటి రెండూ రోగిని కాపాడేవి. చివరి మూడూ సేవకుణ్ణీ, అతని ద్వారా తరువాతి రోగినీ కాపాడేవి. ఒకే పనిలో ఉభయరక్షణ ఇమిడి ఉంది. సబ్బుతో కడుక్కోవడానికి 40 నుండి 60 సెకండ్లు, ఆల్కహాలు ద్రావణంతో రుద్దుకోవడానికి 20 నుండి 30 సెకండ్లు చాలు. అయితే ఒక నర్సు ఒంటరిగా ముప్పై, నలభై మంది రోగులను చూడవలసివస్తే, కుళాయి వార్డుకు ఆ చివర ఎక్కడో ఉంటే, ఈ కొద్దిపాటి సమయం కూడా దొరకదు. కనుక చేతుల శుభ్రత కేవలం వ్యక్తి బాధ్యత కాదు. నీటివసతి, ప్రతి పడక దగ్గరా ద్రావణం, సరిపోయినంత సిబ్బంది సమకూర్చడం ఆసుపత్రి నిర్వాహకుల బాధ్యత.

సూదిమొన మీద ప్రమాదం

ఒక దృశ్యాన్ని ఊహించండి. తెల్లవారుజాము. రాత్రంతా మేల్కొన్న నర్సు ఒక రోగికి ఇంజెక్షను ఇచ్చింది. ఇంతలో పక్క పడకనుండి పిలుపు వచ్చింది. తొందరలో ఆమె సూదికి మూత పెట్టబోగా వేలికి గుచ్చుకుంది. లేదా, వాడిన సూదిని మామూలు చెత్తబుట్టలో పడవేసి పరుగెత్తింది. గంట తరువాత ఆ చెత్తసంచిని ఎత్తిన పారిశుద్ధ్య కార్మికురాలి అరచేతిలో అది దిగింది. ఆ సూది ఎవరికి వాడినదో, ఆ రోగికి ఏ వ్యాధి ఉన్నదో ఆమెకు తెలియదు. భయంతో ఎవరికీ చెప్పుకోలేక చేయి తుడుచుకుని పనిలో పడిపోతుంది.

రక్తం అంటిన సూది గుచ్చుకుంటే ముఖ్యంగా మూడు వైరస్‌లు సోకవచ్చు. టీకా వేయించుకోనివారికి హెపటైటిస్-బి సోకే అవకాశం రోగి రక్తంలోని వైరస్ తీవ్రతనుబట్టి వందకు ముప్పై వరకు ఉంటుంది. హెపటైటిస్-సి సోకే అవకాశం అంతకన్నా చాలా తక్కువ. హెచ్.ఐ.వి. విషయంలో అది వెయ్యికి సుమారు మూడు. వీటిలో అన్నింటికన్నా తేలికగా సోకే హెపటైటిస్-బి నివారణకు సమర్థమైన టీకా ఉంది. మూడు మోతాదుల ఆ టీకాను వైద్యులకూ నర్సులకూ మాత్రమే కాక ఊడ్చేవారికీ, బట్టలు ఉతికేవారికీ కూడా వేయించాలి. సూది గుచ్చుకుంటే గాయాన్ని పిండకుండా సబ్బునీటితో కడిగి వెంటనే పై అధికారికి తెలపాలి. హెచ్.ఐ.వి. నివారణ మందులను వీలైనంత త్వరగా, 72 గంటలు దాటకుండా మొదలుపెట్టి 28 రోజులు వాడాలి. కాబట్టి దాచిపెట్టడం ప్రాణాంతకం. చెబితే మందలిస్తారన్న భయం వార్డులో ఉంటే ఆ కార్మికురాలు చెప్పదు. భయం లేని వాతావరణం కూడా ఒక ఔషధమే.

ఆసుపత్రి వ్యర్థాల నిర్వహణకు మన దేశంలో మొదట 1998లో, తరువాత మరింత సమగ్రంగా 2016లో నియమాలు వచ్చాయి. వాటి ప్రకారం వ్యర్థాలను నాలుగు రంగులుగా వేరుచేయాలి. రక్తం అంటిన దూది, కట్లు, శరీరభాగాలు, కాలం చెల్లిన మందులు పసుపుపచ్చ సంచిలో. సెలైన్ గొట్టాలు, సూది తీసిన సిరంజిలు, తొడుగులు వంటి ప్లాస్టిక్ వస్తువులు ఎర్ర సంచిలో. సూదులు, బ్లేడ్లు గుచ్చుకుపోని తెల్లని డబ్బాలో. గాజుసీసాలు నీలం రంగు పెట్టెలో వేయాలి. సూదికి తిరిగి మూత పెట్టకుండా, వాడినచోటనే కత్తిరించి తెల్లడబ్బాలో వేయాలి. వ్యర్థాలను ముట్టుకునే సిబ్బందికి హెపటైటిస్-బి, ధనుర్వాతం టీకాలు వేయించవలసిన బాధ్యతను 2016 నియమాలు ఆసుపత్రులపైనే ఉంచాయి. ఈ రంగులు రోగికి కూడా రక్షణే. విడిగా వేయని సూదులు, సిరంజిలు చెత్తకుప్పనుండి మళ్ళీ అంగడికి చేరితే వాటి కాటు ఎవరిమీద పడుతుందో చెప్పలేం.

గాలిలో వచ్చే శత్రువు

కొన్ని వ్యాధులకు సూదిమొన అక్కరలేదు. దగ్గు, తుమ్ము చాలు. 2003లో సార్స్ వ్యాధి ప్రబలినప్పుడు దానిని గుర్తించి ప్రపంచాన్ని హెచ్చరించిన వైద్యుడు కార్లో అర్బానీ అదే వ్యాధితో మరణించాడు. 2018 మే నెలలో కేరళలోని కోజికోడ్ ప్రాంతంలో నిపా వైరస్ వ్యాపించింది. అక్కడ చాలామందికి ఆ వ్యాధి ఆసుపత్రులలోనే సోకింది. పేరాంబ్ర తాలూకా ఆసుపత్రిలో రోగికి సేవలు చేసిన లినీ పుతుస్సేరి అనే నర్సు అదే వ్యాధికి గురై మే 21న కన్నుమూసింది. కోవిడ్ కాలంలో, అంటే 2020 జనవరి నుండి 2021 మే వరకు, ప్రపంచవ్యాప్తంగా సుమారు లక్షా పదిహేను వేల మంది ఆరోగ్య కార్యకర్తలు మరణించి ఉంటారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసింది.

మాస్కు, గౌను, తొడుగులు, కళ్ళద్దాలు ధరించడం మనకు కోవిడ్ కాలంలో పరిచయమైన దృశ్యమే. కాని వాటిని ధరించేటప్పటికన్నా విప్పేటప్పుడే ప్రమాదం ఎక్కువని చాలామందికి తెలియదు. రోగకారకాలు అంటి ఉండేది వాటి పైభాగానికే. కనుక తొడుగుల లోపలివైపు పైకి వచ్చేట్లు మడిచి విప్పాలి. మాస్కు ముందుభాగాన్ని తాకకుండా తాళ్ళు పట్టుకుని తీయాలి. వెంటనే చేతులు కడుక్కోవాలి. కిటికీలు తెరిచి గాలి ధారాళంగా ఆడేట్లు చూడడం, దగ్గుతున్నవారిని బయటి వరుసలోనే గుర్తించి వేరుగా కూర్చోబెట్టడం ఖర్చులేని రక్షణలు. క్షయవ్యాధి విషయంలో ఇవి మరీ ముఖ్యం.

ఎక్స్‌రే కిరణాలు కూడా కంటికి కనిపించని ప్రమాదమే. ఆ గదిలో పనిచేసే సాంకేతిక నిపుణులు సీసపు కవచం వెనుక నిలుస్తారు. వారి శరీరంపై పడిన కిరణాల మోతాదును కొలవడానికి చొక్కాకు ఒక చిన్న బ్యాడ్జి తగిలించుకుంటారు. ఆ గది తలుపు మీది హెచ్చరికను గౌరవించి, అవసరం లేనివారు, ముఖ్యంగా గర్భిణులు, లోపలికి వెళ్ళకుండా ఉండాలి.

తప్పు ఎవరిది? తప్పు ఎందుకు?

అమెరికాలోని వైద్యసంస్థ ఒకటి 1999లో ప్రకటించిన నివేదిక లోకాన్ని నివ్వెరపరచింది. వైద్యంలో జరిగే నివారించదగిన పొరపాట్ల వలన ఆ దేశపు ఆసుపత్రుల్లో ఏటా 44 వేల నుండి 98 వేల మంది మరణిస్తున్నారని ఆ నివేదిక అంచనా. అందులోని ముఖ్యమైన మాట ఏమంటే, ఈ పొరపాట్లకు చెడ్డమనుషులు కారణం కాదు. మంచిమనుషులు కూడా తప్పుచేసేట్లు ఉన్న పనితీరు కారణం. ఒకేలా కనిపించే మందుసీసాలను పక్కపక్కన పెట్టడం, విరామం లేని రాత్రిపని, అస్పష్టమైన చేతిరాత, ఒక వేళవారు మరొక వేళవారికి రోగి వివరాలు సరిగా అప్పగించకపోవడం ఇటువంటివే.

పొరపాటు జరిగినప్పుడు మొదటి బాధితుడు రోగి. ఆ పొరపాటు చేసిన వైద్యుడో నర్సో కూడా అపరాధభావంతో కుంగిపోయి రెండవ బాధితులవుతారని ఆల్బర్ట్ వూ అనే వైద్యుడు 2000లో వివరించాడు. ‘తప్పు ఎవరిది?’ అని మాత్రమే అడిగే చోట తప్పులు దాగిపోతాయి. ‘తప్పు ఎందుకు జరిగింది?’ అని కూడా అడిగే చోట తప్పులు తగ్గిపోతాయి.

దీనికి చక్కని నిదర్శనం శస్త్రచికిత్సల తనిఖీ పట్టిక. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో అతుల్ గవాండే అనే శస్త్రవైద్యుని నాయకత్వంలో 19 అంశాలతో దీనిని రూపొందించింది. మత్తు ఇచ్చేముందు, కోత పెట్టేముందు, రోగిని గది దాటించేముందు మూడుసార్లు ఆగి, అందరూ వినేట్లు పట్టిక చదువుతారు. రోగి పేరేమిటి? శస్త్రచికిత్స ఏ భాగానికి? లెక్కపెట్టిన సూదులు, దూదిపీలికలు సరిపోయాయా? గదిలోనివారందరూ తమ పేరు, పని చెప్పుకోవడం కూడా ఇందులో ఒక అంశం. పేరు చెప్పి ఒకసారి నోరువిప్పిన జూనియర్ నర్సు, తరువాత తేడా కనిపించినప్పుడు పెద్ద వైద్యుణ్ణి కూడా ‘ఒక్క నిమిషం ఆగండి’ అని అడగగలుగుతుంది. న్యూఢిల్లీతో సహా ఎనిమిది నగరాల ఆసుపత్రుల్లో దీనిని అమలుచేసి 2009లో ఫలితాలు ప్రకటించారు. మరణాలు వందకు 1.5 నుండి 0.8కి, తీవ్రమైన చిక్కులు 11 నుండి 7కు తగ్గాయి. దీనికి కొత్త యంత్రమేదీ అక్కరలేకపోయింది. ఒక కాగితం, కొంత వినయం సరిపోయాయి.

నిప్పు, కోపం

ఆసుపత్రిలో ఆక్సిజను, విద్యుత్ పరికరాలు, ఆల్కహాలు ఒకచోట ఉంటాయి. లేచి పరుగెత్తలేనివారు కూడా అక్కడే ఉంటారు. అందువలన అగ్నిప్రమాదం అక్కడ మిక్కిలి దారుణం. 2011 డిసెంబరు 9న కోల్‌కతాలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నేలమాళిగనుండి లేచిన పొగ సుమారు తొంభైమంది ప్రాణాలు తీసింది. రోగులను బయటికి చేర్చే ప్రయత్నంలో కేరళకు చెందిన ఇద్దరు యువ నర్సులు ప్రాణాలు కోల్పోయారు. 2020 ఆగస్టు 9న విజయవాడలో కోవిడ్ చికిత్సా కేంద్రంగా వాడుతున్న ఒక హోటల్‌లో మంటలు లేచి పదిమంది మరణించారు. అత్యవసర ద్వారాలకు తాళాలు వేయకపోవడం, మెట్లదారిలో సామాను పేర్చకపోవడం, మంటలార్పే సాధనాలను వాడడంలో ప్రతి ఉద్యోగికీ శిక్షణ ఇవ్వడం ఆసుపత్రికి ప్రాణరక్షక ఔషధాలంత అవసరం.

నిప్పు వంటిదే కోపం. ఆప్తుడు మరణించినప్పుడు కలిగే దుఃఖం సహజం. ఆ దుఃఖం ఆగ్రహమై వైద్యుని మీద, నర్సు మీద చేయి చేసుకుంటే, ఆ రాత్రి ఆ వార్డులో చికిత్స ఆగిపోతుంది. నష్టపోయేది పక్క పడకలోని మరొక తల్లి, మరొక బిడ్డ. వైద్యసిబ్బందిపై దాడులను నివారించడానికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008లో ప్రత్యేక చట్టం చేశారు. 2020లో కోవిడ్ సమయంలో కేంద్రప్రభుత్వం అంటువ్యాధుల చట్టాన్ని సవరించి ఇటువంటి దాడులకు కఠినశిక్షలు చేర్చింది. 2024 ఆగస్టులో కోల్‌కతాలోని ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రిలో రాత్రివిధుల్లో ఉన్న ఒక యువ వైద్యురాలు హత్యాచారానికి గురైన తరువాత, వైద్యుల భద్రతపై సూచనలివ్వడానికి సుప్రీంకోర్టు జాతీయ కార్యబృందాన్ని నియమించింది. వెలుతురున్న దారులు, స్త్రీలకు సురక్షితమైన విశ్రాంతి గదులు లేనిచోట రాత్రిసేవ సాధ్యం కాదు.

చట్టం ఒక వైపు మాత్రమే. రోగి పరిస్థితిని బంధువులకు ఎప్పటికప్పుడు వారి భాషలో, ఓపికగా వివరించడం రెండవ వైపు. ఏమి జరుగుతున్నదో తెలియని అయోమయమే చాలాసార్లు అనుమానమై, ఆగ్రహమై మండుతుంది. ఒక మంచి మాట పదిమంది కాపలాదారుల పని చేస్తుంది.

మన వంతు

ఇక రోగిని చూడడానికి వెళ్ళే మనవంతు ఏమిటి? పరామర్శ మన సంప్రదాయం. వెళ్ళకపోతే ఏమనుకుంటారోనని ఇంటిల్లిపాదీ బయలుదేరుతాం. పసిపిల్లలను చంకన వేసుకుని, పళ్ళసంచితో వెళ్ళి రోగి పడకమీదనే కూర్చుంటాం. జలుబుతో ఉన్నామన్న సంగతి కూడా గుర్తుండదు. అప్పుడే శస్త్రచికిత్స అయిన రోగికి మన ప్రేమకన్నా మన దగ్గు ముందుగా చేరుతుంది. చూడడానికి వెళ్ళేది ఒకరిద్దరే కావడం, నిర్ణీత వేళల్లోనే వెళ్ళడం, చేతులు కడుక్కుని లోపలికి అడుగుపెట్టడం, జబ్బుగా ఉంటే ఫోనులోనే పలకరించడం ఆధునిక కాలపు పరామర్శ మర్యాదలు. అలాగే, ‘చేతులు కడుక్కున్నారా?’ అని నర్సును మృదువుగా అడగడం రోగి హక్కు. ఆ ప్రశ్నను చిరునవ్వుతో స్వీకరించడం నర్సు ఔన్నత్యం.

ఏటా సెప్టెంబరు 17ను ప్రపంచ రోగిభద్రతా దినంగా 2019 నుండి జరుపుకుంటున్నాం. 2020లో ఆ దినానికి ఎంచుకున్న అంశం ఆరోగ్య కార్యకర్తల భద్రత. కార్యకర్తలు క్షేమంగా ఉంటేనే రోగులు క్షేమంగా ఉంటారన్నది దాని సారాంశం. వియన్నాలో ఆచార్యుని వేలిగాయం, బాల్టిమోర్‌లో నర్సు చేతి పుండ్లు ఎన్నడో చెప్పిన మాటే ఇది.

నేడు ఈ పాఠం చదువుతున్న విద్యార్థుల్లో కొందరు రేపు వైద్యులు, నర్సులు, ప్రయోగశాల నిపుణులు కావచ్చు. మరికొందరు ఆసుపత్రి నిర్వాహకులో, చట్టాలు చేసేవారో కావచ్చు. ఏమీ కాకపోయినా, ఏదో ఒకనాడు అందరమూ రోగులమో, రోగి బంధువులమో కాక తప్పదు. ఆనాడు మనకు సేవచేసే చేయి శుభ్రంగా, నిర్భయంగా, అలసట లేకుండా ఉండాలని కోరుకుంటాం. ఆ చేతికి ఆ శుభ్రతను, నిర్భయతను, విశ్రాంతిని సమకూర్చే బాధ్యత ఈనాడే మొదలవుతుంది.

కఠిన పదాలకు అర్థాలు

ఉభయరక్షణ = రెండు పక్షాలవారికీ కాపుదల
నిశ్చేష్టుడు = కదలిక లేనివాడు, దిగ్భ్రాంతి చెందినవాడు
బాలింత = కొత్తగా ప్రసవించిన స్త్రీ
మంత్రసాని = పురుడు పోసే స్త్రీ
మృత్యువాహకం = మరణాన్ని మోసుకొచ్చేది
నిరాదరణ = ఆదరణ లేకపోవడం
ధారాళంగా = అడ్డులేకుండా, సమృద్ధిగా
నేలమాళిగ = భూమట్టానికి కింద ఉండే గది
పరామర్శ = కష్టంలో ఉన్నవారిని చూసి పలకరించడం
ఔన్నత్యం = గొప్పదనం

అభ్యాసం

I. కింది ప్రశ్నలకు ఇరవై పంక్తులలో సమాధానాలు రాయండి.

1. వైద్యసిబ్బంది రక్షణ, రోగి రక్షణ ఒకటేనని పాఠ్యభాగం ఆధారంగా నిరూపించండి.
2. సూది గుచ్చుకోవడం వలన కలిగే ప్రమాదాలను, వాటి నివారణ మార్గాలను వివరించండి.

II. కింది ప్రశ్నలకు సంగ్రహంగా సమాధానాలు రాయండి.

1. కొలెట్ష్కా మరణం సెమ్మెల్‌వైస్‌కు ఏ సత్యాన్ని తెలిపింది?
2. రబ్బరు తొడుగులు ఎవరికోసం పుట్టాయి? ఎవరికి మేలు చేశాయి?
3. శస్త్రచికిత్సల తనిఖీ పట్టిక వలన కలిగిన ప్రయోజనమేమిటి?
4. ఆసుపత్రికి పరామర్శకు వెళ్ళేవారు పాటించవలసిన మర్యాదలేవి?

III. ఏకవాక్య సమాధానాలు రాయండి.

1. ‘కోరంటి’ అనే మాట ఏ పదంనుండి వచ్చింది?
2. వాడిన సూదులను ఏ రంగు డబ్బాలో వేయాలి?
3. హెచ్.ఐ.వి. నివారణ మందులను ఎన్ని గంటలలోపు మొదలుపెట్టాలి?
4. ప్రపంచ రోగిభద్రతా దినం ఎప్పుడు జరుపుకుంటారు?

IV. కింది పదాలను విడదీసి, సంధి పేరు రాయండి.

మాదిరి: వైద్యాలయం = వైద్య + ఆలయం (సవర్ణదీర్ఘ సంధి)
1. ప్రాణాపాయం 2. మహోపకారం 3. అత్యవసరం

V. కింది సమాసాలకు విగ్రహవాక్యాలు రాసి, సమాసం పేరు తెలపండి.

మాదిరి: అగ్నిప్రమాదం = అగ్ని వలన ప్రమాదం (పంచమీ తత్పురుష సమాసం)
1. నాలుగు రంగులు 2. రోగిసేవ 3. మంచిమనుషులు

VI. భాషాకృత్యం

మీకు దగ్గరలోని ఆసుపత్రికి వెళ్ళి, వ్యర్థాలను ఏ విధంగా వేరుచేస్తున్నారో గమనించండి. మీరు చూసిన విషయాలను ఒక పుట మించకుండా నివేదికగా రాసి తరగతిలో చదవండి.